పోస్టు విడిచిన మనిషి

గల్ఫు దేశపు సిత్రాలో చమురు ట్యాంకుల గేటు దగ్గర కాపలా కాస్తున్న స్వామి తల తిప్పి చూశాడు. అవతల గోడకున్న చెక్కపెట్టెలో అతని ఫోను మోగుతోంది. ట్యాంకుల దగ్గరికి ఫోను తేకూడదు. డ్యూటీ ఎక్కేముందు ఎవరైనా సరే అందులో పడేసి రావాల్సిందే.

ఆ ఫోను ఢిల్లీ నుంచి. ఒకప్పుడు సైన్యంలో సెంట్రీగా నిలబడ్డ స్వామి, భార్య వినోదకు నొప్పులొస్తున్నాయని తెలిసి, పోస్టు వదిలేసి ఇంటికి ఫోను చేయడానికి పరుగెత్తాడు. సైన్యం అతన్ని పంపించేసి, మళ్లీ చేర్చుకోరాదని రాసిపారేసింది. ఆ మాట కొట్టేయమని ఎన్ని అర్జీలు పెట్టాడో! చివరికి ఇవాళ అధికారులు ఫోనులో విచారిస్తామన్నారు. ఈ ఒక్కసారే.

కాసేపు గేటు తాను చూసుకుంటానన్న ముత్యం జాడ లేదు. ఇద్దరిదీ క్యాంపులో ఒకే గది. వాడి మొహం మండ, ఇవాళేనా ఆలస్యం! లోపలికి వెళ్లాల్సిన ట్యాంకరు హారను కొడుతోంది. పెట్టె ఎంతో దూరం లేదు. ఒక్క ఉరుకు ఉరికితే చాలు. స్వామి కాలు లేచింది కూడా. మళ్లీ అక్కడే దిగింది.

ఫోను ఆగింది. మళ్లీ మోగింది. ఈసారి ఆగాక ఇక మోగలేదు.

అప్పుడొచ్చాడు ముత్యం, రొప్పుకుంటూ. "ఏందన్నా, గింత దగ్గర్నే ఉంటివి! ఉరికి ఎత్తకపోతివా? గేటును ఎవలన్న ఎత్కపోతరా?"

స్వామి ట్యాంకరుకు గేటు తీశాడు.

"పోస్టు ఇడిసిపెట్టి పోయి, పోస్టు ఇడువనని ఎట్ల చెప్పాల్రా వాళ్లకు?"