చేతులు మారిన నొప్పి

పొద్దున్న లేచేసరికి టైలరమ్మ చేతులు రెండూ కొయ్యబారి ఉండేవి. కీళ్లవాతం వచ్చి ఏళ్లవుతోంది. వేలు మడవాలంటే ప్రాణం కడబట్టేది. అందుకని ఆవిడ భర్త మొహమైనా కడుక్కోకుండా మంచం అంచున కూర్చుని, ఆవిడ చేతులు తన చేతుల్లోకి తీసుకుని నొప్పి పుచ్చుకునేవాడు. కాసేపు పట్టుకుంటే చాలు, చెంబులోంచి వంపినట్టు నొప్పంతా అతని వేళ్లలోకి దిగిపోయేది. ఆ ఇంట్లో అది కొత్తేం కాదు. అత్తగారి తలనొప్పి బతికున్నన్నాళ్లూ మామగారే మోశారట.

అతనికి మోటార్లకు తీగ చుట్టే కొట్టుంది. మూలుగుతూనే చుట్టేవాడు. సాయంత్రానికి నొప్పి దానంతటదే ఆరిపోయేది. ఆదివారం ఆడపడుచు వచ్చి, "అన్నయ్యకి ఒక్కరోజైనా ఊపిరి తీసుకోనివ్వాలిగా" అంటూ తను పుచ్చుకుని, వీధంతా వినపడేలా మూలిగేది.

"మా వదిన నొప్పి మామూలుది కాదమ్మా, మోసినవాళ్లకే తెలుస్తుంది" అనేది. వదినకి కూడా తెలుసన్న సంగతి ఆవిడకి తట్టేది కాదు.

టైలరమ్మకి మాత్రం ఎక్కడో వెలితి. నొప్పి పోయిన చేతులు అరువు తెచ్చుకున్న చేతుల్లా ఉండేవి. కత్తెర ఎంతసేపు ఆడించినా ఆపాలని తోచేది కాదు. మందపాటి కోట్లు కూడా ఏకబిగిన కుట్టేసేది. ఈమధ్య చిటికెన వేళ్లు పక్కకి ఒరిగాయి. వద్దందామంటే, తన కోసం ఇంతమంది మూలుగుతుంటే ఏ నోటితో అంటుంది?

ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సు ఆ వేళ్లు తిప్పి చూసింది.

"నొప్పి లేదంటున్నారు, వేళ్లేమో వంకరపోతున్నాయి. ఎవరు పుచ్చుకుంటున్నారమ్మా?"

"మా ఆయన."

"నొప్పి ఆయనలోకి పోతుంది కానీ జబ్బు మీలోనే ఉంటుంది. 'ఇక చాలు, ఆపు' అని మీకు చెప్పేది ఆ నొప్పే కదా!" అని నర్సు కుర్చీ దగ్గరకి లాక్కుంది. "సరే, అసలు మీకెలాంటి సాయం కావాలి?"

టైలరమ్మ తెల్లబోయింది. పక్కనే కూర్చున్న భర్త గొంతు సవరించుకున్నాడు. "ఆవిడకేం కావాలంటే..."

"మిమ్మల్ని కాదండీ" అంది నర్సు.

టైలరమ్మ తన చేతులకేసి చూసుకుంది.

"పొద్దున్నే గిన్నెడు వేడినీళ్లు పెట్టిస్తే చేతులు ముంచుకుంటా. సీసా మూతలు తీసిపెట్టాలి. సూదిలో దారం నేనే ఎక్కించుకుంటా, ఎంత ఆలస్యమైనా మధ్యలో లాక్కోకూడదు. ఇక్కడికొస్తే పక్కన కూర్చోవాలి కానీ నా బదులు మాట్లాడకూడదు." చేతులు ఒళ్లోకి తీసుకుంది. "నా నొప్పి నా దగ్గర ఉండనివ్వాలి. ఓర్చుకోలేకపోతే నేనే అడుగుతా."

దారి పొడుగునా భర్త మొహం మాడ్చుకునే ఉన్నాడు.

"అంటే ఇన్నాళ్లూ నేను చేసింది తప్పా?"

"తప్పని కాదు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

"మరి ఇక నేనెందుకు?"

"మూతలు తియ్యడానికి."

ఆ మాటకి రెండు పూటలు అలిగాడు. అలిగినా నీళ్లు పెట్టాడు. మొదట్లో చెయ్యి కాలేలా కాచేవాడు, తర్వాత చల్లార్చేసేవాడు, పోనుపోను కుదిరింది. టైలరమ్మ వేళ్లు సలిపినప్పుడల్లా కత్తెర పక్కన పెట్టేది. కోట్లు ఒప్పుకోవడం మానేసింది. నొప్పి ఉంది. కానీ అది ఎప్పుడొస్తుందో, దేనికి తగ్గుతుందో మెల్లగా తెలిసొచ్చింది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున ఆవిడ గిన్నెలో చేతులు ముంచుకుని ఉంది. అతను మందుల సీసా తెచ్చాడు, మూత రాలేదు.

"ఎడమ చెయ్యి లాగుతోందోయ్. నీ పాత నొప్పి ఇంకా మిగిలున్నట్టుంది."

"ఎప్పట్నించి?"

"నీకెందుకులే, బాధపడతావని..."

అతని నుదుటి మీద చెమట బొట్లు కట్టి ఉంది. ఆవిడ తడి చేతులతోనే అతని చెయ్యి అందుకుంది.

తన నొప్పి ఆవిడకి తను వేసిన కుట్టంత ఎరుక. ఇది అది కాదు. మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, గుండె మీద రాయిలా కూర్చుని దవడలోకి పాకింది. రోజూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉండుంటే ఏది ఎవరిదో తేలేది కాదు.

అతను హాయిగా నిటారుగా నిలబడ్డాడు. "హమ్మయ్య! అవునూ, అడక్కుండా పుచ్చుకున్నావేం?"

"తర్వాత తిడుదురుగాని. ఆసుపత్రికి పదండి."

"తగ్గిపోయిందిగా!"

"నొప్పి నా దగ్గరుంది, జబ్బు మీ దగ్గరే ఉంది" అంది, ఊపిరందక గోడ పట్టుకుని.

ఆసుపత్రి గుమ్మంలో జనం ఆవిడనే బల్ల మీదికి ఎక్కించబోయారు. "నన్ను కాదు, ఆయన్ని!" అని అరిచింది. లోపల్నించి పరిగెత్తుకొచ్చిన నర్సుకి ఆ ఒక్కమాట చాలు. అతని గుండెకి పోయే రక్తనాళం ఒకటి పూడుకుపోయింది. తెరిచారు. ఇంకో పూట ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మర్నాడు ఆడపడుచు ఏడుస్తూ వచ్చి, రెండు చేతులూ చాచింది. "ఇలా ఇవ్వు అన్నయ్యా, నేను మోస్తాను."

అతను చేతులు దుప్పట్లోకి లాక్కున్నాడు.

"వద్దమ్మా, ఉండనీ. కూర్చుని ఏమైనా కబుర్లు చెప్పు."

"ఏం చెప్పను?"

"నీ ఇష్టం. జబ్బుల గురించి మాత్రం వద్దు."

ఆవిడ తమ మేడ మీద కొత్తగా దిగినావిడ, పెంచుకునే చిలక తనని తిట్టిందని దాంతో మాట్లాడటం మానేసిన వైనం మొదలుపెట్టింది. అతను ఫక్కున నవ్వాడు. నవ్వితే గుండెల్లో కలుక్కుమంది. అవతల కూర్చున్న భార్య చెయ్యి కదిలింది కానీ, ముందుకి రాలేదు. అతను గుండె మీద తనే చెయ్యి వేసుకుని, కాసేపు ఆగి చూసుకుని, "ఊఁ, చిలక ఏమని తిట్టింది?" అన్నాడు.