నేల ఒప్పుకున్న ఇల్లు

మా గూడెం ములకలపల్లి అడవిలో, గుట్ట నడుమున ఉంది. ముచ్చటపడి ఎవరూ అక్కడ కట్టుకోలేదు. ఎండాకాలంలోనూ ఆగని ఊట ఉంది, దాని కింద జొన్న పండే నేల ఉంది. ఊట పారినంత మేరే ఇళ్లు. అది ఇంకిపోయిన చోట ఊరు అయిపోతుంది.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మాకు నీళ్లు పైన, రోడ్డు కింద. రోడ్డు పక్కన సర్కారు వాళ్లు మాకు కాలనీ కట్టిచ్చారు గానీ, బోరు వేస్తే దుమ్ము లేచింది. ట్యాంకర్ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. దిగితే గొంతెండుతుంది, దిగకపోతే ప్రాణం మీదికొస్తుంది. పోయినేడు దవాఖానాకు మోసుకెళ్తుంటే నా మొదటి బిడ్డ డోలీలోనే, సగం దారిలో పోయింది. మళ్లీ ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. దిగిపోదామని మా ఆయన శివతో రోజూ పోట్లాటే. ఆయన అమ్మనడగమంటాడు. మా అత్త కన్నమ్మ సరేననాలి.

"నేలను అడగకుంట ఇల్లు మారుతమా?" అంది అత్త.

"కట్టిచ్చిన ఇంటికి అడిగేదేంది అత్తా?"

"కట్టిచ్చినోళ్లు ఉంటరా ఆడ? ఉండేది మనం."

అడగడమంటే, కొత్త చోట మూడు బియ్యపు గింజలు ఒక దగ్గర చేర్చి, మీద ఆకుదొప్ప బోర్లించి వస్తారు. తెల్లారి గింజలు కలిసే ఉంటే నేల ఒప్పుకున్నట్టు. చెదిరితే అక్కడ కాపురం ఉండకూడదు. గూడెంలో అందరి ఇళ్లకూ అత్తే అడిగేది. గింజ చెదిరిందని సొంత తమ్ముణ్ణే ఇల్లు కట్టనివ్వలేదు. నా బిడ్డ బతుకు తీసుకెళ్లి గింజల మీద పెట్టిందని నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం అత్త కాలనీ ఇంట్లో గింజలు పెట్టొచ్చింది. తెల్లారి చూడ్డానికి ముగ్గురం దిగాం. శివ గుమ్మం బయట నిలబడ్డాడు. అత్త కూర్చుని దొప్ప అంచు ఎత్తింది. ఆమె భుజం మీదుగా నాకూ కనబడింది. రెండు గింజలే ఉన్నాయి. మూడోదాన్ని చీమలు గోడ దాకా లాక్కుపోయాయి.

అత్త వేలితో చీమలను తోసి, ఆ గింజను తెచ్చి రెండింటి పక్కన పెట్టింది.

"శివా, ఇటు రా. కలిసే ఉన్నయ్ చూడు."

మేం దిగాం. అత్త దిగలేదు. చేను ఎవరు చూస్తరని పైనే ఉండిపోయింది. పొద్దున్నే ఊట నీళ్ల బిందెతో దిగొస్తుంది. గడప మీద దించి, జల్దీ పోవాలంటూ వెనక్కి తిరుగుతుంది. గింజ జరపడం నేను చూశానని చెప్పలేను. చెబితే కడుపులో బిడ్డతో మళ్లీ గుట్టెక్కాలి.

దవాఖానాలో పాప పుట్టింది, బాగుంది. ఇంటికి తెచ్చిన రోజు అత్త గడప బయటే చేతులు చాచి పాపను ఎత్తుకుంది.

"లోపలికి రా అత్తా. నేల ఒప్పుకున్నది గదా" అన్నాను.

అత్త పాప మొహం మీంచి చూపు తిప్పలేదు.

"నిన్ను ఒప్పుకున్నది బిడ్డా" అంది.