పాకం గారె

డాక్టరు నడవమన్నాడని యేసుదానం, అతని భార్య అంతోనమ్మ తెల్లవారగానే బెల్లం మార్కెట్టు పక్కనుంచి ఏటి వైపు నడిచేవారు. ఆ దారిలో ఇన్ని పిట్టలున్నాయని యేసుదానానికి అంతవరకూ తెలియదు. రాలిన బెల్లంపొడి కోసం గోరింకలు పోట్లాడుకునేవి. కరెంటు తీగ మీద పావురాలు ఒత్తుగా కూర్చునేవి.

అంతోనమ్మ మాత్రం కాకులనే చూసేది.

ఒకనాడు టీకొట్టు దగ్గర ఒక పసివాడి చేతిలోని బన్ను కాకి తన్నుకుపోయింది. వాడి ఏడుపు వినగానే యేసుదానానికి కొడుకు జాన్ బాబు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు వాడి జంతిక కూడా ఇలాగే పోయింది. తర్వాత చాలాకాలం తల్లి కొంగు చాటునే తినేవాడు.

ఆ జాన్ బాబు ఎలమంచిలి దగ్గర హైవే మీద ప్రమాదంలో పోయి ఏడాది కావస్తోంది. ఆ ఉదయం పాకం గారెలు అడిగాడు. "ఆదివారం వండుతానులే" అంది తల్లి. ఆదివారం దాకా వాడు లేడు.

ఒక శనివారం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, అంతోనమ్మ కొంగులోంచి ఆకుపొట్లం తీసింది. కొడుకు సిలువ దగ్గర పాకం గారె పెట్టి దూరం జరిగింది.

"ఇదేటే? మనోళ్లు సేసే పనేనా?"

"మనోళ్లు సెయ్యరు. ఉప్మాకలో మా అమ్మోళ్లు సేసీవోరు." ఆమె పుట్టిల్లు అది; జ్ఞానస్నానానికి ముందు ఆమెది హిందూ కుటుంబం.

"ఫాదరుగారు సూత్తే?"

"సూత్తే ఆయనకీ ఒకటి పెడతాను. నువ్వు నోరు మూసుకో, కాకులు బెదిరిపోతాయి."

గోడ మీది కాకులు చూశాయి. ఎగిరిపోయాయి. మరుసటి శనివారమూ అంతే. ఆ పైన కూడా.

"అలిగేడయ్యా. నా సేతిది ముట్టడు," అని ఆమె కంచం ముందునుంచి లేచిపోవడం మొదలుపెట్టింది.

తల్లి ఒక గుర్తు కోసం కాకిని చూస్తే అది తప్పా ప్రభువా అని యేసుదానం జపమాల పట్టుకుని అడిగాడు. ఆమెను మానమనడానికి మాత్రం నోరు రాలేదు.

తర్వాతి శనివారం ఆమెకు జ్వరం. "నువ్వెళ్లి పెట్టు. వచ్చి నిజం సెప్పాల," అంది.

పొట్లం తువ్వాలులో దాచుకుని వెళ్లాడు. కాకులు దగ్గరకు రాలేదు. ఒక గోరింక వచ్చింది. పాకం రుచి చూసి, మెడ ఎత్తి జంటను పిలిచింది. రెండూ కలిసి తిన్నాయి.

కాకి ముట్టిందని చెప్తే ఎవరు చూశారు? దారి పొడుగునా ఆ మాటే వల్లెవేసుకున్నాడు. గుమ్మంలో ఆమె ముఖం చూశాక చెప్పలేకపోయాడు.

"కాకి రాలేదే. గోరింక తింది."

"కాకంటే ఆడికి బయం కదయ్యా," అంది అంతోనమ్మ. "తల్లినయ్యుండి మర్సిపోయేను." ఇంట్లో మిగిలిన గారె తెమ్మని, తుంచి నోట్లో పెట్టుకుంది. నమలలేక ఏడ్చింది. ఏడుస్తూనే మింగింది.

జ్వరం తగ్గాక ఇద్దరూ కలిసి వెళ్లారు. గారె పెట్టీ పెట్టగానే ఒక కాకి వచ్చి సిలువ మీద వాలింది. అది కిందికి దూకింది.

అంతోనమ్మ గబగబా ముందుకెళ్లి సమాధి మీదికి వంగింది. గారె చుట్టూ కొంగు అడ్డం పట్టుకుంది.

"హుష్! పో," అంది. "పిల్లాడు తింతాడు."