గెలవకూడని ఆట

ఆ ఆదివారం బెర్నిస్ చేయాల్సిన పనులు: తను నడిపే స్కూలు బస్సు కడిగి షెడ్డులో పెట్టడం, స్టేడియంలో పక్క సీటు క్లిఫ్‌కి మోకాలి పట్టీ కొనడం, అట్టముక్కల మీది కె అక్షరాలకు కొత్తగా రంగు వేయడం, వచ్చే ఏడాదికీ తన సీటు ఉంచుకునే కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవడం, హెరన్స్ ఓడిపోవాలని దేవుణ్ని వేడుకోవడం.

మొదటి మూడూ పొద్దున్నే అయిపోయాయి. చివరిదానికి మాత్రం నోరు పెగల్లేదు.

ఊరి బేస్‌బాల్ జట్టు హెరన్స్ ఆ ఏడాది నూటమూడు ఆటలు ఓడింది. పేరుకు తగ్గట్టు కొంగలే. ఒంటికాలి జపం తప్ప బంతి పట్టింది లేదు. ఇక మిగిలింది ఈ ఒక్క ఆట. ఇదీ ఓడితే లీగ్‌లో అట్టడుగున నిలుస్తారు. అట్టడుగు జట్టుకే కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడంలో మొదటి వంతు. కాన్సస్ కుర్రాడు కోల్టన్ రీస్ వస్తే జట్టును మళ్లీ మొదటి నుంచి కట్టుకోవచ్చని ఊరంతా ఆశపడుతోంది. గెలిస్తే వాడు వేరే ఊరి పాలు.

పందొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న సీటును బెర్నిస్ ఆ కుర్రాడికే ముడిపెట్టింది. వాడొస్తే సంతకం, రాకపోతే ఈ కుర్చీకో దండం.

తొమ్మిదో ఇన్నింగ్స్, అదే ఆఖరిది. హెరన్స్ ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్కడు అవుటైతే గెలుపే. కానీ మూడు బేసుల మీదా అవతలివాళ్లే ఉన్నారు, ఒక్క మంచి దెబ్బ పడితే ఆట వాళ్లదే. బంతి విసరడానికి ఎడ్డీ లంప్కిన్ వచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్లవాడు, ఆరు ఊళ్ల జట్లు వదిలేస్తే ఇక్కడికి చేరినవాడు.

"ఎడ్డీని పంపారా! ఇంక దిగుల్లేదు, ఓడినట్టే" అన్నాడు పక్క సీటు క్లిఫ్.

"నోరు ముయ్. అతని పెళ్లాం కింది వరసలోనే ఉంది."

"నేనేమన్నా తిట్టానా? ఆశీర్వదిస్తున్నా."

"మనవాళ్లు ఓడాలనుకోవడం పాపం కాదంటావా?"

"పాపమేంటి? ఇవాళ మన ఫాదర్‌గారి ప్రార్థన కూడా అదేనట."

"ఎవరు చెప్పారు?"

"ఇప్పుడే కల్పించా. ఆట చూడు."

బెర్నిస్ అవతలి బ్యాటర్ వైపు తిరిగి "కొట్టు నాయనా, కొట్టు" అని గొణిగింది. అన్నాక ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది. రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుటే. మూడో బంతి నెమ్మదిగా, వంకర తిరుగుతూ వచ్చింది. బ్యాటర్ బ్యాటు భుజం మీదే ఉంచుకుని బొమ్మలా నిలబడ్డాడు. అంపైర్ మూడో స్ట్రైకని చెయ్యెత్తాడు.

"అయ్యో, గెలిచాం!" అని వెనక వరసలో ఎవరో తలకొట్టుకున్నారు.

మూడు స్ట్రైకులతో ఎవరిని అవుట్ చేసినా ముందున్న కమ్మీలకు ఓ కె అట్ట తగిలించడం ఆ వరస ఆనవాయితీ. బ్యాటు ఊపకుండా చూస్తూ అవుటైతే దాన్ని ఎడంవైపు తిప్పి పెట్టాలి. అది బెర్నిస్ పని. ఇప్పుడు వరసంతా ఆమె వైపే చూస్తోంది. పెట్టాలా? ఏ మొహంతో? లేచి గబగబా తగిలించేసింది. మామూలు కె లాగే.

కిందినుంచి ఎడ్డీ చూశాడు. జట్టువాళ్లంతా కౌగిలించుకోవడానికి వస్తుంటే వాళ్లను ఆపి, వేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు. తిరగెయ్యమని.

"అదిగో, అతనే చెబుతున్నాడు. పందొమ్మిదేళ్లలో ఒక్క తప్పు, అదీ ఇవాళే" అన్నాడు క్లిఫ్.

బెర్నిస్ అట్ట తిప్పింది. ఎడ్డీ టోపీ తీశాడు. ఆమె చప్పట్లు కొట్టింది. కొడుతూనే ఉంది.

"దేనికే ఆ చప్పట్లు? కుర్రాడు పోయాడుగా."

"ఏమో, క్లిఫ్. నాకూ తెలీడం లేదు."

టికెట్ల కౌంటర్ దగ్గర "వచ్చే ఏడాదికీ సీటు ఉంచమంటారా?" అని అడిగారు. వద్దని చెప్పాలనే నోరు తెరిచింది. తీరా చూస్తే సంతకం పెట్టేసి ఉంది. ఆశపడి పెట్టిందో, అలవాటుగా పెట్టిందో ఇంటికెళ్లే దాకా ఆమెకు తేలలేదు. ఆ తర్వాతా తేలలేదు.

కోల్టన్ రీస్ వేరే ఊరికి వెళ్లాడు. నవంబరులో హెరన్స్ ఎడ్డీని వదిలేసింది. ఎనిమిదో ఊరు అతణ్ని పిలవలేదు. ఆ కుర్రాడి పేరు మీకు ఎవరైనా చెబుతారు. ఎడ్డీ పేరెత్తేవాళ్లు లేరు. తన జనమే ఓటమి కోరుకుంటున్న రోజున, సరిగ్గా విసిరిన మనిషి ఎడ్డీ లంప్కిన్. అతణ్ని కాస్త గుర్తుపెట్టుకోండి.