భ్రమరాంబగారి నడక బండి

నేను ఒక నడక బండిని. మూడు చెక్క చక్రాలు, ఒక పిడి, ఒంటినిండా ఎర్ర రంగు, కడుపునిండా పగ. మొదటి మూడూ నన్ను చేసిన వడ్రంగి పెట్టినవి. నాలుగోది భ్రమరాంబగారు పెట్టింది. చెక్కకి పగేమిటని నవ్వకండి. అరచేతుల మధ్య బతికినదాన్ని, ఎవరి చెయ్యి ఎలాంటిదో మీకంటే నాకే బాగా తెలుసు.

భ్రమరాంబగారు నన్ను అనకాపల్లి జాతరలో తన పెద్దకొడుకు కోసం కొన్నారు. ఆ పిల్లాడు నన్ను పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాడు. ఆ వెనక కూతురు, ఆ తర్వాత మరుదుల పిల్లలు, ఆడపడుచుల పిల్లలు, చివరికి ఇరుగుపొరుగువాళ్ళ పిల్లలు కూడా. బిడ్డ బోర్లాపడినప్పుడు బొబ్బట్లు, అడుగులేసినప్పుడు అరిసెలు వండి పంచడం మా వైపు ఆనవాయితీ. అలా అరిసెలు వండిన ప్రతి ఇంట్లోనూ భ్రమరాంబగారు పీట వేయించుకుని ముందు వరసలో కూర్చునేవారు. మొదటి అరిసె విరిచి నోట్లో వేసుకుని, "అంతా నా బండి చలవ!" అనేవారు.

నిజం చెప్పాలంటే ఆ పిల్లలు నేను లేకపోయినా నడిచేవాళ్ళే. కాళ్ళు వాళ్ళవి, సత్తువ వాళ్ళది. నేను ఊరికే ముందు దొర్లేదాన్ని, ఆవిడ ఊరికే వెనక కూర్చునేది. పేరు మాత్రం ఆవిడ కొట్టేసేది. మనుషుల్లో ఇలాంటివాళ్ళు చాలామంది ఉంటారట. నాకు ఈ ఒక్కరే చాలు.

ఆవిడ తమ్ముడి కూతురు కుందన. ఆ పిల్లకి మెడ నిలవడమే ఆలస్యమైంది. కూర్చోవడం ఇంకా ఆలస్యం. తోటి పిల్లలు వీధిలో గెంతుతుంటే కుందన చాప మీద పడుకుని ఫ్యాను వంక చూసి నవ్వేది. తల్లి స్వర్ణ ఉండబట్టలేక వదినగారిని అడిగి నన్ను తెచ్చుకుంది. కుందన చేతులు మెత్తనివి, కానీ పట్టు ఉడుంపట్టు. కాళ్ళే మడతపడిపోయేవి. బరువంతా నామీద వేస్తే నేను ముందుకి జారిపోయేదాన్ని. పిల్ల ముక్కుమీద పడేది. పడ్డా పిడి వదిలేది కాదు.

అలా ఉండగా భ్రమరాంబగారి మరిది మనవడు అడుగులేశాడని ఆవిడ ఇంట్లో అరిసెలు వండారు. ఆ బిడ్డ చేత పట్టించాలి కాబట్టి స్వర్ణ నన్ను కూడా తీసుకెళ్ళింది. భ్రమరాంబగారు పళ్ళెం పట్టుకుని అందరి చేతుల్లోనూ అరిసె పెట్టుకుంటూ వచ్చి, కుందనని ఒళ్ళో పెట్టుకున్న స్వర్ణని దాటేసి అవతలికి వెళ్ళిపోయింది.

"వదినా, నాకు..." అంది స్వర్ణ, మరిచిపోయారనుకుని.

"నీకెందుకే? తింటే తిరిగి పెట్టాల. ఆ రోజు నీకు రాదు కదా. మళ్ళీ నువ్వే బాధపడతావని ఇవ్వలేదమ్మా" అంది ఆవిడ, ఎంతో దయ చూపిస్తున్నట్టు.

ఈలోగా కుందన తల్లి ఒళ్ళోంచి జారి నా పిడి పట్టుకుంది. భ్రమరాంబగారు వచ్చి ఆ వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది. మనవడిని దగ్గరికి తెచ్చి నా పిడి అందించబోయి, ఏమనుకుందో చటుక్కున ఆగిపోయింది.

"వద్దులే. ఈ పిల్ల పట్టుకున్న బండి. ఆ గుణం దీనికీ అంటుకుందో ఏటో! నువ్వే ఉంచీసుకో స్వర్ణా, మావాడికి కొత్తది కొనీస్తాం."

స్వర్ణ మొగుడు అక్కడే ఉన్నాడు. అక్కగారి ముందు నోరు విప్పే రకం కాదు. గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకుని మురిసిన నన్ను ఆవిడ ఒక్క మాటతో రోగం అంటించే వస్తువుని చేసేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. స్వర్ణకి ఎంత మండిందో చెప్పనక్కర్లేదు. నన్ను చంకన ఇరికించుకుని, పిల్లని భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. ఇంటికొచ్చి తలుపు తీశాక, "తిరిగి పెడతాను. ఆవిడ చేతిలోనే పెడతాను" అంది. ఆ మాట నాతోనే అందని నా నమ్మకం.

ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి పట్నంలో ఒక కేంద్రం ఉందని ఎవరో చెప్పారు. అక్కడ పిల్లలకి ఫిజియోథెరపీ చేయించే గ్రేస్‌మణి మేడమ్ కుందన కాళ్ళు, నడుము, మెడ నెమ్మదిగా పట్టి చూసింది. కండరాల్లో బిగువు తక్కువని చెప్పింది. తర్వాత నన్ను చూసింది.

"ఈ బండి బయట పెట్టీయండమ్మా. పాప తూలితే ఇది పరిగెడతాది. నడక కాదు, పడడం నేర్పుతాది."

ఆవిడ మీద కూడా పగబట్టి వరండాలో కూర్చున్నాను. కిటికీలోంచి అంతా కనిపించేది. కుందనని పెద్ద బంతి మీద బోర్లా వేసి ఊపేవారు. గోడకి ఆనించి నిలబెట్టి, బెంచీ మీద కాస్త దూరంగా గిలక్కాయ పెట్టేవారు. స్వర్ణ చెయ్యి సాయం వెళ్ళబోతే గ్రేస్‌మణి కళ్ళెర్రజేసేది. అక్కడ ఒక తల్లి తన కొడుకు చెంచా పట్టుకున్నాడని అందరికీ బెల్లం ముక్కలు పంచింది. ఇంకో తల్లి, కూతురు తన కళ్ళలోకి చూసిందని ఏడ్చింది. అలాంటివాటికి భ్రమరాంబగారి ఇంట్లో ఏ పిండివంటా లేదు.

"ఎప్పటికి నడుస్తాది మేడమ్?" అని స్వర్ణ వెళ్ళినప్పుడల్లా, అరిసెల గొడవంతా చెప్పి మరీ అడిగేది.

"మీకు పాప నడవాలా, మీ వదినగారికి బుద్ధి చెప్పాలా?"

"రెండూ."

గ్రేస్‌మణి నవ్వేసింది. "మొదటిది పాప, నేను కలిసి చూసుకుంటాం. రెండోదానికి నేను చదువుకోలేదమ్మా."

వానలు మొదలయ్యాక ఒకరోజు నన్ను లోపలికి పిలిచారు. గ్రేస్‌మణి నా ఇరుసు మీద ఇసుక నింపిన గోనెసంచి కట్టింది. ఇంక పరిగెత్తడం నా వల్ల కాదు. కుందన తోస్తే కదులుతాను, ఆగితే ఆగుతాను. ఎర్ర రంగు మీద ఆ గోనె చూసుకుంటే నాకు సిగ్గేసేది. కానీ ఇన్నేళ్ళలో నేను నిజంగా పని చేసింది అప్పుడే. నేను బరువుగా నిలబడితే ఆ పిల్ల నిటారుగా నిలబడింది. చెమటలు కక్కుతూ, పెదవి కొరుక్కుంటూ ఒక్కొక్క అడుగూ సంపాదించుకుంది. గ్రేస్‌మణి మీద పగ ఎప్పుడు పోయిందో గమనించనేలేదు.

ఇంకొన్నాళ్ళకి కుందన ఒక చెయ్యి వదిలింది, ఆ తర్వాత రెండోది. నా దగ్గర్నుంచి తల్లి దగ్గరికి తూలుతూ వెళ్ళి ఒళ్ళో పడింది. స్వర్ణ పిల్లని వాటేసుకుని చాలాసేపు ఏడ్చింది. బంధువుల్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొగుడి చేత కూడా ఒట్టు వేయించుకుంది. దిష్టి తగులుతుందని కాదు, పగ చల్లారిపోతుందని.

భ్రమరాంబగారి కూతురి కొడుకు అడుగులేశాడని కబురొచ్చింది. స్వర్ణ బియ్యం నానబెట్టింది, దంపించింది, పాకం పట్టింది. ఒక్కొక్క అరిసెనీ చెక్కల మధ్య పెట్టి నూనె వత్తుతుంటే ఆ చెక్కల మీద నాకు జాలేసింది. డబ్బా నింపి, పిల్లని ముస్తాబు చేసి, గోనెసంచితో సహా నన్నూ ఆటో ఎక్కించింది. నాకు మర్యాద చెయ్యడానికి తీసుకెళుతోందని పొంగిపోయాను.

కుందన నన్ను తోసుకుంటూ గుమ్మంలోకి రాగానే అందరి కళ్ళూ ఇటు తిరిగాయి. అందరికంటే ముందు తేరుకున్నది భ్రమరాంబగారే.

"చూశారా! నా బండి ముట్టుకుంటే నడవాల్సిందే! నేనివ్వబట్టే కదా. అంతా నా బండి చలవ!"

నాలో ఒక్క మేకు పైకి లేచి ఉంటే ఆవిడ కాల్లో దింపేదాన్ని. వడ్రంగి పనిమంతుడు, ఒక్కటీ లేవలేదు.

స్వర్ణ మొహంలో కోపం కనిపించలేదు. "అవును వదినా, మీ బండే. మీరే పట్టుకోండి" అంది.

ఆవిడ మురిసిపోతూ వంగి నా పిడి పట్టుకుంది. స్వర్ణ హాలు అవతలి గోడ దాకా వెళ్ళి, నేలమీద కూర్చుని చేతులు చాపింది. "కుందనా, వదిలెయ్. రామ్మా."

కుందన వదిలేసింది. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, వంకర అడుగులతో, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ బయల్దేరి, ఆ హాలంతా దాటి తల్లిని చేరింది. ఆ పిల్లనే చూస్తున్న జనం అప్పుడు వెనక్కి తిరిగారు. పట్టుచీర కట్టుకుని, నడుం వంచి, గోనెసంచి కట్టిన బండిని ఒంటరిగా పట్టుకుని నిలబడి ఉంది భ్రమరాంబగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. అబ్బ, ఆ నవ్వులు నాకు ఎంత తియ్యగా వినిపించాయో!

స్వర్ణ డబ్బా తెరిచి వరసగా అందరికీ అరిసెలు పెట్టింది. ఎవరినీ దాటలేదు. ఆఖరున భ్రమరాంబగారి ఎదుటికొచ్చి, "తీసుకోండి వదినా. తిరిగి పెట్టడానికొచ్చాను" అంది. ఆవిడ నా పిడి వదిలి చెయ్యి చాపక తప్పలేదు. అందరూ చూస్తుండగా నమిలింది, మింగింది.

స్వర్ణ పిల్లని నడిపించుకుంటూ బయటికి వెళ్ళింది. నేనూ బయల్దేరాననుకున్నాను. ఆటో చప్పుడు దూరమయ్యాక గానీ నన్ను వదిలేసి వెళ్ళిందని అర్థం కాలేదు. ఇచ్చినామెకే ఇచ్చేసింది. ఆ ఇంటి వస్తువు ఒక్కటి కూడా తన దగ్గర ఉంచుకోదలచుకోలేదు.

ఇప్పుడు భ్రమరాంబగారి మెట్ల కింద, పాడైపోయిన కూలరు పక్కన ఉంటున్నాను. ఆవిడ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. అడిగినవాళ్ళకి "పాత సామాను" అంటుంది, "నా బండి" అనదు. ఆ ఒక్క మాట ఆవిడ నోటినుంచి ఊడబెరకడానికి నేను కుందన చేతుల్ని పోగొట్టుకున్నాను. బేరం బాగానే ఉందనుకుంటాను. పొద్దున్నే కుందన కేంద్రానికి బయల్దేరే వేళకి మాత్రం అలా అనుకోలేను.