ఫోనులో అందగాడు

సత్యమూర్తి డ్యూటీ బట్టలు మూడు నీళ్ళు మార్చినా ఎర్రనీళ్ళే వదులుతాయి. కిరండూల్ ఇనుపరాతి గని దుమ్ము అలాంటిది. నవీన నాలుగో బకెట్టు పడుతుంటే వెనకనుంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఎవుడీడు?"

ఆమె ఫోను అతని చేతిలో ఉంది. తెరమీద నల్లకోటు, నున్నగా దువ్విన జుట్టు, నవ్వీ నవ్వని పెదవి. అలాంటివే లోపల ఇంకో నలభై ఉన్నాయి. పాత హాలీవుడ్డు నటుడని, తను పుట్టకముందే పోయాడని చెప్పింది. "సచ్చిపోయినోడి బొమ్మలు ఎవుర్తయినా నలభై దాసుకుంటాదేటి?" అని ఫోను జేబులో వేసుకుని షిఫ్టుకి వెళ్ళిపోయాడు సత్యమూర్తి.

అప్పట్నుంచి ఇల్లు పోలీసు ఠాణా అయింది. కోడలు సంతకెళ్ళి ఎంతసేపట్లో వచ్చిందో అత్త తిరుపతమ్మ గడియారం చూసి మరీ కొడుక్కి అప్పజెప్పేది. తాలింపు వేస్తూ నవ్వుకుంటే ఎవణ్ణి తలుచుకుని నవ్వావు, నవ్వకపోతే ఎవడి మీద బెంగ? ఇప్పపూలు అమ్మే గోండు ఆవిడ లక్కే గుమ్మంలోకి వస్తే, మా ఆవిడ నీచేత కబుర్లు పంపిస్తోందా అని సత్యమూర్తి హిందీలో ఆవిణ్ణే అడిగేశాడు. నవీనకి తల కొట్టేసినట్టయింది.

నిజానికి ఒక్క మాటతో ఈ గోలంతా తీరిపోయేది. ఆ నటుడు ఆడవాళ్ళని కోరుకున్నవాడు కాదు. బతికినంతకాలం ఇంకో మగవాణ్ణి ప్రేమించి, అది బయటపడకుండా స్టూడియోవాళ్ళు కట్టబెట్టిన భార్య భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగినవాడు. అదంతా నవీన చదివింది, చదివి ఏడ్చింది కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఎందుకు చెప్పాలి? పన్నెండేళ్ళు వండి, ఉతికి, ఊడ్చిన మనిషి నాలో తప్పు లేదంటే చాలదా? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన మాట నమ్మాలి ఈయన. నవీనకి అదే పంతమైపోయింది.

ఆ మనిషి ఎందుకు నచ్చాడని అడిగితే దాచకుండా చెప్పేదే. అందగాడు, ముందు అది. చూస్తుంటే కడుపు నిండేంత అందగాడు. ఆపైన, సినిమాలో ఎదుట ఆడమనిషి మాట్లాడుతుంటే ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతాడు. ఈ ఇంట్లో నవీన మొదలుపెట్టిన మాట చివరిదాకా వెళ్ళి ఎన్నాళ్ళయిందో! మొగుడు సగంలో కోస్తాడు, మిగతా సగంలో అత్తకి కుక్కరు గుర్తొస్తుంది. అందుకే గిన్నెలు తోమాక ఒక అరగంట, శబ్దం తీసేసి, కింద అక్షరాలు చదువుకుంటూ అతన్ని చూస్తూ కూర్చునేది. ఇప్పుడు ఆ అరగంటా పోయింది.

నాలుగో రోజు సత్యమూర్తి జిలేబీ పొట్లంతో నవ్వుకుంటూ వచ్చాడు. గనిలో తనతో పనిచేసే నందకి పాత ఇంగ్లీషు సినిమాల పిచ్చట, ఫొటో చూపిస్తే చరిత్రంతా విప్పాడట. "అమ్మా, ఆడు అదో రకమోడంట! ఆడోళ్ళ మొకం సూడడంట!" అని తల్లికి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. తిరుపతమ్మా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫోను నవీన ఒళ్ళో పడేసి, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోమన్నాడు. ఈ ముక్కేదో ముందే చెప్తే తన బుర్ర పాడయ్యేది కాదుగదా అని దెప్పాడు కూడా.

నవీనకి ఒళ్ళు మండిపోయింది. నలుగురికీ భయపడి దాక్కుని బతికిన మనిషిని చూసి నవ్వినందుకు ఒక మంట. తన మాట నమ్మి కాదు, అతని సంగతి తెలిసి అనుమానం వదిలేశాడని ఇంకో మంట.

"మరి ఆయన అలాంటివాడు కాకపోయుంటే?" అంది.

"కాకపోతే ఫోను తిరిగొచ్చీదేటి?" అన్నాడు సత్యమూర్తి, జిలేబీ తుంచుకుంటూ.

మర్నాడు పొద్దున్న ఉప్మా ప్లేటు పెట్టి, ఫోనుని నీళ్ళచెంబుకి ఆనించి మొగుడి ఎదురుగా నిలబెట్టింది నవీన. తెరమీద కొత్త మనిషి. వెడల్పు భుజాలు, బుగ్గల్లో సొట్టలు, కొంటెచూపు. నోటిదాకా వెళ్ళిన ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఈయనా పాతకాలం నటుడే," అంది చట్నీ వడ్డిస్తూ. "ఐదు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. ఆడవాళ్ళంటే ప్రాణమట. నాకు బాగా నచ్చాడు."