కోసేసిన ఖాళీ

అట్టపెట్టెల కార్ఖానాలో కోతమిషను వారంగా మొరాయిస్తోంది. మిషనైతే రాయిలా గట్టిగానే ఉంది. దాన్ని నడిపే పాత కంప్యూటరుకే లేవడం చేతకావడం లేదు. రోజూ దాన్ని లేపే ఫ్లాపీ పాడైంది, ఫ్లాపీ డ్రైవూ పోయింది. మిగిలింది సీడీ డ్రైవొక్కటే. పన్నెండింటికి పాత ఇనుము లారీ వస్తుందని ఓనరు చెప్పేశాడు.

లారీలో మిషను వెళితే, పద్దెనిమిదేళ్లుగా దాని ముందు నిలబడ్డ మనిషీ ఇంటికే. ఆమె, ఇవాళ రిపేరుకు పిలిచిన మెకానిక్కుకు చెల్లెలు. ఫ్లాపీకి బదులు కంప్యూటరును లేపాలని సీడీలు రాసి రాసి పాడుచేసినవాడు ఆమె కొడుకు. అదే కార్ఖానాలో పెట్టెల డిజైన్లు గీస్తాడు. మెకానిక్కుకు మేనల్లుడూ వాడే, అల్లుడూ వాడే.

పదిన్నరకు మెకానిక్కు వచ్చి స్టూలు లాక్కున్నాడు.

"ఎన్ని తగలేశావు?"

"ఐదు, మామయ్యా."

"ఆరోదానికి నేను గుర్తొచ్చాను. మొదటిదానికే పిలిస్తే నీ కిరీటం పడిపోయేదా?"

"తర్వాత తిడుదువుగాని అన్నయ్యా, ముందు దాని సంగతి చూడు," అంది చెల్లెలు.

"రెండూ ఒకేసారి చేయగలను."

ఐదో సీడీ పెట్టి పాత కంప్యూటరు వేశాడు. డ్రైవు తిరిగింది, దీపం వెలిగింది, తెర మీద చిన్న గీత ఒకటి మిణుకుమంటూ అక్కడే ఆగిపోయింది. అదే సీడీని అల్లుడి కొత్త కంప్యూటర్లో పెడితే ఫైళ్లన్నీ కనబడ్డాయి. అంటే సీడీది తప్పు కాదు, డ్రైవుదీ కాదు. మిగిలింది బూట్ ఇమేజే. ఫ్లాపీ మొత్తానికి తీసిన అచ్చు అది. సీడీ పెట్టగానే కంప్యూటరు ముందు వెతికేది దాన్నే. మెకానిక్కు దాని సైజు చూశాడు.

"ఇది ఎప్పుడు తీశావు?"

"పోయిన నెల. ఫ్లాపీ బాగున్నప్పుడే."

"ఫ్లాపీ అచ్చు పద్నాలుగు లక్షల డెబ్బై నాలుగు వేల ఐదు వందల అరవై బైట్లుండాలి. ఒకటి పెరగకూడదు, ఒకటి తరగకూడదు. ఇక్కడ ఆరు లక్షలు కూడా లేవు. మిగతాదేది?"

"అదంతా ఖాళీయే మామయ్యా. వరసగా సున్నాలే. దండగెందుకని కోసేశా."

మెకానిక్కు చెల్లెలి వైపు చూశాడు. ఆ కార్ఖానాలో గీత దాటిన అట్ట నూలుపోగంత కూడా మిగలకూడదు. మిగిలితే ఓనరు ఊరుకోడు. కొడుక్కి నడక వచ్చిన రోజు నుంచీ ఆమె నేర్పింది అదే.

"నేనే నేర్పా," అందామె, తల దించకుండానే.

"నువ్వు నేర్పింది అట్టకి. సరే, కోశాక సీడీ రాసే ప్రోగ్రాం ఊరుకుందా?"

"సైజు కుదరలేదంది. ఫ్లాపీ పద్ధతి తీసేసి ఇంకోటి పెట్టా. నోరు మూసుకుంది."

"మొరుగుతోందని కుక్కని తోలేశావు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు."

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. మెకానిక్కు జాలిపడలేదు. మౌసు కూడా ముట్టుకోలేదు.

"కోసిన చోటు నుంచి చివరిదాకా సున్నాలు వెయ్యి. సైజు పైకి చదువు. మళ్లీ చదువు. ఇప్పుడు పద్ధతి మార్చి ఫ్లాపీ అని పెట్టు. నిదానంగా రాయి."

ఆరో సీడీ రాస్తుండగా బయట లారీ హారను మోగింది. ఓనరు తలుపులోంచి తొంగిచూశాడు. "ఇంకా అవలేదా? లారీవాడు తొందరపడుతున్నాడు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? పన్నెండన్నారు. ఇంకా పది నిమిషాలుంది," అన్నాడు మెకానిక్కు.

సీడీ పెట్టారు. గీత మిణుకుమంది. అల్లుడు ఊపిరి బిగబట్టాడు. మెకానిక్కు మాత్రం గోరు కింద మట్టి తీసుకుంటున్నాడు. తెర మీద ఒక వరస పడింది, దాని కింద ఇంకోటి, ఆపైన గబగబా పది. గది అవతల కోతకత్తి గర్రుమని లేచి తన చోటుకు వచ్చి నిలబడింది.

చెల్లెలు అట్ట పెట్టింది. మిషను చకచకా కోసింది. ఓనరు అంచు మీద వేలు రాసి చూశాడు, బయటికెళ్లి లారీని పంపేశాడు.

"నువ్వు లేకపోతే..." అని మొదలెట్టాడు అల్లుడు.

"ఇంకో రెండు కాపీలు రాయి. ఆ ఐదూ పారెయ్యకు, నీ బల్ల ఎదురుగా మేకుకి తగిలించు. రోజూ కనబడాలి."

చెల్లెలు మిషను మీదే సీడీకి అట్ట తొడుగు కోసింది. మూడు పక్కలా బొటనవేలంత అంచు ఎక్కువే వదిలింది. కొడుకు అలవాటుగా కత్తెర అందుకున్నాడు.

"ముట్టుకున్నావో, వేళ్లు కోస్తా," అందామె.